గోడ గడియారాల ఈమెయిల్ గ్రూపు: 36 వారాల పని డైరీ

కీ ఇచ్చి నడిపే గోడ గడియారాలను సొంతంగా బాగుచేసుకునేవారి కోసం నడుపుతున్న ఒక ఈమెయిల్ గ్రూపు పని వివరాలు ఇవి. గ్రూపు పెట్టాలన్న ఆలోచన ఎలా వచ్చిందన్న కథ ఇందులో లేదు. ఏది చెడింది, ఎంత చెడింది, దేనిని మార్చాను, ఎందుకు మార్చాను అన్నవి మాత్రమే ఉన్నాయి. గడియారాల స్థానంలో మొక్కలో నాణేలో పెట్టుకున్నా ఈ లెక్కలు పెద్దగా మారవు. వారాల సంఖ్య నేను ఇతరుల గ్రూపుల్లో చేరిన రోజు నుంచి మొదలవుతుంది. ప్రతి దశ చివర అప్పటివరకు అయిన మొత్తాలు ఇచ్చాను.

మొదటి దశ: ఇతరుల గ్రూపుల్లో సభ్యుడిగా (1–8 వారాలు)

నడపడానికి ముందు సభ్యుడిగా ఉండి చూడాలని నాలుగు గ్రూపుల్లో చేరాను. మొదట ఏమీ రాయకుండా వచ్చిన ప్రతి మెయిలునూ ఒక పట్టికలో వేసుకుంటూ వచ్చాను. ఎనిమిది వారాల్లో 412 మెయిళ్లు వచ్చాయి. అందులో ప్రశ్నలు 96, జవాబులు 221, ‘ధన్యవాదాలు’, ‘నా పరిస్థితీ అదే’ వంటి ఒక్క వాక్యం మెయిళ్లు 61, గ్రూపు నిర్వహణకు సంబంధించినవి 34. ఈ చివరి 34లో సగానికి పైగా ‘నన్ను ఈ గ్రూపు నుంచి తీసేయండి’ అని అందరికీ పంపినవే. సభ్యులు బయటికి వెళ్లే దారి కనపడకపోతే ఆ భారం మిగిలిన అందరి మీదా పడుతుందని అక్కడే అర్థమయింది.

ఐదో వారంలో నేనే ఒక పొరపాటు చేశాను. ఒక సభ్యుడు చెప్పిన నూనె పద్ధతి తప్పని ఆయనకు మాత్రమే చెప్పాలనుకుని ‘రిప్లై’ నొక్కాను. మిగతా మూడు గ్రూపుల్లో రిప్లై రాసినవారికే వెళుతుంది. ఈ నాలుగో గ్రూపులో మాత్రం అది అందరికీ వెళ్లేటట్టు అమర్చి ఉంది. దాదాపు 300 మంది ముందు ఆయనను తప్పుపట్టినట్టయింది. క్షమాపణ కూడా అందరికీ రాయవలసి వచ్చింది. ఐదో దశలో నేను చేసిన ప్రయోగానికి మూలం ఈ సంఘటనే.

కొత్తగా చేరేవారికి నేను ఇప్పుడు చెప్పే క్రమం ఇది:

1. గ్రూపుల కోసం విడిగా ఒక చిరునామా పెట్టుకోండి. కుదరకపోతే ఉన్న చిరునామాలోనే ఒక ఫోల్డరు కేటాయించండి.
2. ఆ ఫోల్డరుకు మెయిళ్లను మళ్లించే ఫిల్టరును సబ్జెక్టు మీద కాకుండా ‘లిస్ట్-ఐడీ’ అనే హెడరు (మెయిలుతో పాటు వెళ్లే, మామూలుగా కనపడని సమాచార వరుస) మీద పెట్టండి. 2001లో ఆర్‌ఎఫ్‌సీ 2919 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్దేశించిన ఈ హెడరు, సబ్జెక్టులు ఎలా మారినా మారదు.
3. స్వాగత మెయిలును దాచుకోండి. బయటికి వెళ్లే పద్ధతి అందులోనే ఉంటుంది.
4. మొదటిసారి రిప్లై నొక్కినప్పుడు ‘టు’ గడిలో ఎవరి చిరునామా వచ్చిందో చూసి, ఆ తరువాతే రాయండి.

మొత్తం: చేరిన గ్రూపులు 4, చదివిన మెయిళ్లు 412, పట్టిన సమయం 14 గంటలు.

రెండో దశ: చోటు, పనిముట్లు (9–10 వారాలు)

గూగుల్ గ్రూప్స్, గ్రూప్స్.ఐఓ వంటి సేవల్లో గ్రూపు పెట్టడం పది నిమిషాల పని. ఎక్కువమందికి అదే చాలు. నేను సొంత డొమైను (చిరునామాలో @ తరువాత వచ్చే పేరు), అద్దె సర్వరు, మెయిల్‌మ్యాన్ 3 (గ్రూపు మెయిళ్లను పంచే సాఫ్ట్‌వేరు) అనే దారి పట్టడానికి కారణం పాత మెయిళ్ల మీద భయం. యాహూ గ్రూప్స్ 2019 అక్టోబరులో కొత్త విషయం చేర్చడాన్ని ఆపి, ఆ తరువాత పాత ఫైళ్లనూ మెయిళ్లనూ తొలగించి, 2020 డిసెంబరు 15న పూర్తిగా మూతపడింది. ఏళ్ల తరబడి కూడిన జవాబులను దింపుకోవడానికి సభ్యులకు దొరికిన గడువు కొన్ని వారాలే. గడియారం మరమ్మతులో పదేళ్ల కిందటి జవాబు కూడా ఈరోజు పనికొస్తుంది. అందువల్ల ఆ గుట్ట నా చేతిలో ఉండాలనుకున్నాను. మెయిల్‌మ్యాన్ 2ను వద్దనుకోవడానికి కారణం వేరు. అది పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాష మీద నడుస్తుంది. ఆ పైథాన్‌కు నిర్వహణ 2020 జనవరి 1తో ముగిసింది.

స్థాపన సాఫీగానే సాగింది గాని మెయిళ్లే కదలలేదు. మొదటి మూడు రోజులు ఒక్క మెయిలు కూడా బయటికి వెళ్లలేదు. సాఫ్ట్‌వేరులో తప్పు వెతుకుతూ ఐదు గంటలు పోగొట్టుకున్న తరువాత, అద్దె సర్వరు ఇచ్చినవారే 25వ పోర్టును (మెయిళ్లు ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు వెళ్లే ద్వారాన్ని) బయటివైపు మూసి ఉంచారని తెలిసింది. స్పామ్ పంపేవారిని ఆపడానికి చాలామంది అలాగే చేస్తారు. అడిగిన మరునాడే తెరిచారు. సర్వరు అద్దెకు తీసుకునేముందే ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ఆ తరువాత ఆరు వేరువేరు సేవల్లో ఆరు చిరునామాలు తెరిచి, ఒకే మెయిలును ఆరింటికీ పంపి చూశాను. తొలిసారి రెండు ఇన్‌బాక్సుకు, మూడు స్పామ్‌కు వెళ్లాయి. ఒకటి తిరిగి వచ్చింది. కింది మూడింటినీ ఒక్కొక్కటిగా మార్చి, మార్చిన ప్రతిసారీ మళ్లీ పంపాను:

1. సర్వరు ఐపీకి (ఇంటర్నెట్‌లో దాని అంకెల చిరునామాకు) రివర్స్ డీఎన్ఎస్ పేరు, అంటే ఆ అంకెలతో వెతికితే వచ్చే పేరు, పెట్టించాను. తిరిగి వచ్చిన ఒకటి చేరడం మొదలైంది.
2. డొమైనుకు ఎస్‌పీఎఫ్ రికార్డు (ఆ డొమైను పేరుతో మెయిలు పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చెప్పే వరుస) రాశాను. స్పామ్‌లో పడేవి మూడు నుంచి రెండుకు తగ్గాయి.
3. డీకిమ్ సంతకం (మెయిలు దారిలో మారలేదని రుజువు చేసే గుర్తు) చేర్చాను. అప్పటికి ఇన్‌బాక్సులో ఐదు, స్పామ్‌లో ఒకటి. ఆ ఒక్కటీ వారం గడిచాక దానంతట అదే సర్దుకుంది.

ఒకేసారి మూడూ మార్చి ఉంటే గంట మిగిలేది. కాని ఏ మార్పు దేనిని బాగుచేసిందో తెలిసేది కాదు.

మొత్తం: సభ్యులు 0, పరీక్ష మెయిళ్లు 38, సమయం 31 గంటలు.

మూడో దశ: పదకొండు మంది మాయమవడం (11–14 వారాలు)

ఈ డైరీలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

28 మందితో గ్రూపు మొదలైంది. 12వ వారంలో ఒక సభ్యురాలు తన గడియారం రోజుకు నాలుగు నిమిషాలు వెనుకబడుతోందని రాశారు. ఐదు రోజుల పాటు రోజూ కొలతలు తీసి మొత్తం ఏడు మెయిళ్లు పంపారు. మంచి చర్చ జరగవలసిన చోట ముగ్గురు నలుగురు తప్ప ఎవరూ పలకలేదు. ఆ వారాంతానికి గ్రూపే మూగబోయింది. ఉత్సాహం తగ్గిందేమో అనుకుని నేనే రెండు ప్రశ్నలు వేశాను. వాటికీ స్పందన అంతంతమాత్రమే. చివరికి ఒక సభ్యుడు నాకు విడిగా, ‘గ్రూపు ఆపేశారా?’ అని రాయడంతో నిర్వహణ పేజీ తెరిచి చూశాను. 28 మందిలో 11 మందికి మెయిళ్ల పంపిణీ ఆగిపోయి ఉంది. ఆపింది నా సర్వరే.

జరిగింది ఇది. ఆమె చిరునామా ఉన్న డొమైను, ‘మా పేరుతో వచ్చే మెయిలు డీకిమ్, ఎస్‌పీఎఫ్ పరీక్షలు రెండింటిలోనూ తప్పితే తిరస్కరించండి’ అన్న కఠినమైన డీమార్క్ విధానాన్ని ప్రకటించింది. మామూలుగా ఆమె పంపే మెయిలు మీద ఆ డొమైను డీకిమ్ సంతకం ఉంటుంది. నా గ్రూపు ఆ మెయిలు సబ్జెక్టుకు ముందు గ్రూపు పేరును చేర్చి, అడుగున రెండు వరుసల సమాచారం అతికించింది. సంతకం చేసిన కాగితం మీద గీత గీసినట్టే కనుక సంతకం చెల్లకుండా పోయింది. పంపింది నా సర్వరు కాబట్టి ఎస్‌పీఎఫ్ కూడా ఆమె డొమైనుకు సరిపోలలేదు. డీమార్క్‌ను ఖచ్చితంగా పాటించే సేవల్లో చిరునామా ఉన్న 11 మందికి ఆ ఏడు మెయిళ్లూ చేరలేదు. 77 తిరస్కరణలు నా సర్వరుకు వచ్చాయి.

అసలు దెబ్బ ఆ తరువాత తగిలింది. మెయిల్‌మ్యాన్ ప్రతి తిరస్కరణను, గ్రహీత చిరునామా చెడిపోయిందనడానికి సాక్ష్యంగా తీసుకుని ఆ గ్రహీత ఖాతాలో రోజుకు ఒక పాయింటు వేస్తుంది. అది ఐదుకు చేరితే పంపిణీ ఆపుతుంది. ఆమె ఐదు వేరువేరు రోజుల్లో రాశారు. ఐదో రోజున పదకొండు మందికీ ఐదేసి పాయింట్లు పూర్తయ్యాయి. వారిలో ఒక్కరి చిరునామాలోనూ తప్పు లేదు, ఆమె తప్పు కూడా ఏమీ లేదు. 2014 ఏప్రిల్‌లో యాహూ, ఆ వెంటనే ఏఓఎల్ తమ డొమైన్లకు ఈ కఠిన విధానాన్ని పెట్టినప్పుడు లోకంలోని ఎన్నో ఈమెయిల్ గ్రూపులకు పట్టిన గతి ఇదే. పదేళ్లకు పైగా అందరికీ తెలిసిన గుంటలోనే నేను కాలు వేశాను.

ఆరోజు చేసిన పనులు:

1. పదకొండు మందికీ పంపిణీని చేత్తో పునరుద్ధరించి, పాయింట్లను సున్నా చేశాను.
2. ఏడు మెయిళ్లనూ ఒకే మెయిలుగా కూర్చి వారికి మళ్లీ పంపాను.
3. కఠిన విధానమున్న డొమైన్ల నుంచి వచ్చే మెయిళ్లకు ‘ఫ్రమ్’ గడిలో రాసినవారి చిరునామా బదులు గ్రూపు చిరునామా వచ్చేటట్టు మెయిల్‌మ్యాన్‌లో మార్చాను.
4. బౌన్సుల (తిరిగొచ్చిన మెయిళ్ల) నివేదికను ప్రతి సోమవారం చదవాలని నియమం పెట్టుకున్నాను. తిరస్కరణ సందేశంలో 550 తరువాత 5.1.1 ఉంటే చిరునామా లేదని అర్థం. 5.7తో మొదలైతే అది విధానపరమైన తిరస్కరణ, అంటే చాలాసార్లు దోషం పంపేవైపే ఉంటుంది. 4తో మొదలయ్యేవి తాత్కాలికం.

మూడో మార్పుతో తిరస్కరణలు ఆగాయి. ఆ మార్పే రెండు వారాల తరువాత మరో ముప్పు తెచ్చింది.

మొత్తం: సభ్యులు 28, గ్రూపుకు వచ్చిన మెయిళ్లు 52, తిరిగొచ్చినవి 81, సమయం 44 గంటలు.

నాలుగో దశ: జవాబుల తుఫాను (15–16 వారాలు)

16వ వారంలో ఒక సభ్యుడు సెలవు మీద వెళుతూ తన మెయిలుకు ‘నేను అందుబాటులో లేను’ అన్న స్వయంచాలక జవాబు పెట్టారు. అలాంటి జవాబు మామూలుగా రాసినవారికి వెళుతుంది. కాని ఆరోజు గ్రూపులో వచ్చిన మెయిలు కఠిన డొమైను నుంచి వచ్చినది. నేను చేసిన మార్పు వల్ల దాని ‘ఫ్రమ్’లో గ్రూపు చిరునామానే ఉంది. జవాబు గ్రూపుకు వచ్చింది. ఆయన సభ్యుడే కనుక గ్రూపు దానిని అందరికీ పంచింది. ఆయన డొమైనుదీ కఠిన విధానమే కావడంతో అది కూడా గ్రూపు చిరునామాతోనే వెళ్లింది. తన జవాబు తనకే తిరిగి రాగానే, ఆయన సేవ దానికీ జవాబు పంపింది. 40 నిమిషాల్లో 46 మెయిళ్లు, 31 మంది సభ్యులు: మొత్తం 1,426 ప్రతులు వెళ్లాయి. ఇద్దరు సభ్యులు ఆ రాత్రే వైదొలగారు.

స్వయంచాలక జవాబులు ఎలా ప్రవర్తించాలో ఆర్‌ఎఫ్‌సీ 3834 అనే పత్రం 2004లోనే చెప్పింది. ఒకే చిరునామాకు పదేపదే జవాబివ్వకూడదు, తన మెయిలు మీద ‘ఆటో-సబ్మిటెడ్’ అన్న హెడరు పెట్టాలి. ఆయన సేవ రెండోది పాటించింది, మొదటిది పాటించలేదు. హెడరు ఉంది కనుక అడ్డుకోవడం నా చేతిలో పనే. ముందే చేయలేదు, అంతే.

1. ముందుగా ‘ఎమర్జెన్సీ మోడరేషన్’ మీట నొక్కి మొత్తం గ్రూపును నిలిపాను. ఈ మీట ఎక్కడుందో గ్రూపు మొదలుపెట్టిన రోజే చూసి పెట్టుకోండి. నాకు వెతకడానికే పది నిమిషాలు పట్టింది.
2. ఆ సభ్యుని పంపిణీని తాత్కాలికంగా ఆపాను.
3. ‘ఆటో-సబ్మిటెడ్’ హెడరు ఉండి, దాని విలువ ‘నో’ కాని ప్రతి మెయిలునూ ఆపి ఉంచే ఫిల్టరు రాశాను.
4. ‘ఫ్రమ్’ను మార్చే అమరికను తీసేశాను.

నాలుగో పని వల్ల మూడో దశ సమస్య మళ్లీ మొదటికి వస్తుంది. దానికి రెండో మందు వాడాను. మెయిలును ముట్టుకోకుండా వచ్చినది వచ్చినట్టే పంచితే డీకిమ్ సంతకం చెక్కుచెదరదు. సబ్జెక్టు ముందు పేరు, అడుగున వరుసలు, హెచ్‌టీఎంఎల్‌ను (మెయిలులోని రంగులు, అలంకరణల కోడును) తీసేసే వడపోత, ఈ మూడింటినీ మానేశాను. వడపోత కూడా సంతకాన్ని చెరుపుతుందని మొదట తట్టలేదు. తరువాత వచ్చిన 60 మెయిళ్ల హెడర్లను తెరిచి చూస్తే 57లో సంతకం నిలిచింది. నిలవని మూడూ వడపోతను ఆపక ముందువి.

సబ్జెక్టు ముందు పేరును తీసేయడం వల్ల అనుకోని మేలు ఒకటి జరిగింది. హెడర్లలో తెలుగును ముక్కలుగా సంకేతీకరించి పంపాలి. ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు. ముందువెనుకల ఉండే గుర్తులు పోగా అందులో పట్టేది 45 బైట్లు. మెయిళ్లలో వాడే యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రూపంలో ఒక్కో తెలుగు సంకేతం (అక్షరమో గుణింతపు గుర్తో) మూడు బైట్లు కనుక ఒక ముక్కలో 15 సంకేతాలే ఇముడుతాయి. ‘[గోడగడియారాలు]’ అన్న పేరు ఒక్కటే, కుండలీకరణాలు, ఖాళీతో కలిపి 39 బైట్లు తింటుంది. మిగిలిన ఆరు బైట్ల దగ్గర ఒక సభ్యుని పాత మెయిలు ప్రోగ్రాము అక్షరాన్ని మధ్యలో కోసేసేది. అందుకే ఆయన జవాబుల సబ్జెక్టులో ఎప్పుడూ ఒక డబ్బా గుర్తు కనపడేది. అది ఫాంటు లోపమని ఇద్దరం నెలరోజులు అనుకున్నాం.

అడుగు వరుసలు పోవడంతో వైదొలగే లింకు కూడా పోయింది. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2369 ప్రకారం ‘లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్’ హెడరు ఉంది గాని దానిని బటనుగా చూపని ప్రోగ్రాములూ ఉన్నాయి. అందువల్ల ప్రతి నెల ఒకటో తేదీన దానిని గుర్తుచేసే నాలుగు వాక్యాల మెయిలు పంపుతున్నాను. పాత మెయిల్‌మ్యాన్ కూడా ఒకటో తేదీనే ఇలాంటిది పంపేది, అందులో సభ్యుని పాస్‌వర్డును బహిరంగంగా రాసి మరీ. ఆ భాగం మాత్రం అనుకరించలేదు.

మొత్తం: సభ్యులు 31 నుంచి 29, మెయిళ్లు 125 (తుఫానువి 46), సమయం 51 గంటలు.

ఐదో దశ: జవాబు ఎవరికి వెళ్లాలి (17–22 వారాలు)

ఈ ప్రశ్న మీద ప్రతివారికీ ఒక గట్టి అభిప్రాయం ఉంటుంది. నాకూ ఉండేది. అందుకే మూడేసి వారాలు రెండు పద్ధతులనూ నడిపి లెక్కపెట్టాను.

రిప్లై గ్రూపుకే వెళ్లిన మూడు వారాల్లో 62 మెయిళ్లు వచ్చాయి. 13 ప్రశ్నల్లో 12కు గ్రూపులోనే జవాబు దొరికింది. అయితే కృతజ్ఞతల వంటి ఒక్క వాక్యం మెయిళ్లు 29. ఒకరికే ఉద్దేశించినవి పొరపాటున అందరికీ వెళ్లినవి నాలుగు. వాటిలో ఒకటి ఒక సభ్యుని ఆరోగ్యానికి సంబంధించిన స్వంత విషయం. ఆర్కైవు (పాత మెయిళ్ల భండారం) నుంచి ఐదు నిమిషాల్లో తొలగించాను, కాని అప్పటికే అందరి ఇన్‌బాక్సుల్లోకీ చేరింది. వెళ్లిన మెయిలును వెనక్కి పిలిచే ఉపాయం లేదు.

రిప్లై రాసినవారికే వెళ్లిన మూడు వారాల్లో మెయిళ్లు 17కు పడిపోయాయి. 14 ప్రశ్నల్లో గ్రూపులో జవాబు కనపడింది మూడింటికే. గ్రూపు చచ్చిపోతోందనిపించింది. అడిగినవారికి విడివిడిగా రాసి విచారిస్తే, 11 మందికి జవాబులు అందాయని తెలిసింది. సహాయం ఆగలేదు, ఆర్కైవులోకి రావడం ఆగింది.

రెండింటి మధ్య దారి కొత్తదేమీ కాదు. యూనిక్స్ కంప్యూటర్ల నిర్వాహకుల కోసం నడిచిన సన్ మేనేజర్స్ అనే పాత గ్రూపులో, జవాబులు అడిగినవారికే వెళ్లేవి. వారు అన్నిటినీ కూర్చి ‘సారాంశం’ అన్న పేరుతో గ్రూపుకు పంపేవారు. 23వ వారం నుంచి మేము అదే పాటిస్తున్నాం. మొదటి సారాంశం, గ్రూపును కుదిపిన ఆ నాలుగు నిమిషాల గడియారానిదే:

‘సారాంశం: లోలకం పొడవు సుమారు 25 సెం.మీ. రోజుకు 4 నిమిషాలు వెనుకబడేది. పొడవు తగ్గితే వేగం పెరుగుతుంది. లెక్క ప్రకారం గుండును 1.4 మి.మీ. పైకి ఎత్తాలి. మర నాలుగు చుట్లు తిప్పాను, రోజుకు 20 సెకన్లు ముందుకు వెళ్లింది. అర చుట్టు కన్నా తక్కువ వెనక్కి తిప్పితే సరిపోయింది. పొడవు కొలవకుండా నూనె వేయమన్న మొదటి సలహా వల్ల ప్రయోజనం లేదు.’

ఇది ఆరు వరుసలు. విడివిడిగా అయితే తొమ్మిది మెయిళ్లు చదవాలి. 30వ వారం వరకు వచ్చిన 21 ప్రశ్నలకు 15 సారాంశాలు అందాయి. మిగిలిన ఆరింటికి ఏడో రోజున ఒకసారి గుర్తుచేసి వదిలేస్తున్నాను. రెండోసారి గుర్తుచేస్తే మనుషులు ప్రశ్నలడగడమే మానేస్తారు.

మొత్తం: సభ్యులు 34, మెయిళ్లు 204, సమయం 60 గంటలు.

ఆరో దశ: 40 కేబీ గోడ (23–26 వారాలు)

అంతవరకు సభ్యులు ఫోటోలకు లింకులు ఇచ్చేవారు. ఒక మంచి చర్చలోని లింకులన్నీ పనిచేయకుండా పోవడంతో, ఫోటోలను మెయిలుకే జతచేయమన్నాను. రెండు వారాల్లో తొమ్మిది మెయిళ్లు ఎవరికీ చేరకుండా నా అనుమతి కోసం ఆగిపోయాయి. ఆరు రోజులు ఆగినదీ ఉంది. మెయిల్‌మ్యాన్‌లో ముందుగా ఉండే పరిమితి 40 కేబీ. అది దాటిందని నాకు వచ్చిన హెచ్చరికలు నా స్పామ్ ఫోల్డరులో పేరుకున్నాయి.

తొమ్మిదిలో ఏడు ఫోటోలు. మిగిలిన రెండింటిలో ఒక్క ఫోటో కూడా లేదు, పొడవైన తెలుగు ఉత్తరాలు మాత్రమే. కొన్ని ప్రోగ్రాములు తెలుగును క్వోటెడ్-ప్రింటబుల్ అనే పద్ధతిలో పంపుతాయి. అందులో ప్రతి బైటు మూడు గుర్తులవుతుంది, అంటే మూడు బైట్ల ‘క’ తొమ్మిది గుర్తులవుతుంది. 4,600 సంకేతాల ఉత్తరం 41 కేబీ దాటుతుంది. అదే ఉత్తరం బేస్64 అనే మరో పద్ధతిలో అయితే 19 కేబీకి మించదు. రాసినవారు చేయగలిగింది ఏమీ లేదు కనుక పరిమితినే మార్చాలి.

ఎంతకు మార్చాలన్నది లెక్కతో తేల్చాను. 3 ఎంబీ ఫోటో మెయిలులో సుమారు 4.1 ఎంబీ అవుతుంది. 34 మందికి పంచితే దాదాపు 140 ఎంబీ. వెడల్పు 1024 పిక్సెళ్లకు తగ్గిస్తే మా ఫోటోలు 120 నుంచి 180 కేబీ మధ్యకు వస్తున్నాయి, పళ్లచక్రం మీది అరుగుదల స్పష్టంగానే కనపడుతోంది. పరిమితిని 400 కేబీ చేశాను. ఆగిన మెయిళ్ల హెచ్చరికలకు ఫోనులో విడి శబ్దం పెట్టుకున్నాను. ఆ తరువాత ఏ మెయిలూ ఒక రోజుకు మించి ఆగలేదు.

మొత్తం: సభ్యులు 35, మెయిళ్లు 251, సమయం 66 గంటలు.

ఏడో దశ: ఒక్క రాత్రిలో 214 మంది (27–29 వారాలు)

ఒక ఉదయం చేరిక విజ్ఞప్తులు 214 కనపడ్డాయి. అసలైనది ఒకటే. వెబ్ పేజీలోని చేరిక ఫారములో యంత్రాలు ఎవరెవరివో చిరునామాలు నింపాయి. ‘చేరదలచింది మీరేనా?’ అన్న ధ్రువీకరణ మెయిళ్లు 213 మంది అపరిచితులకు వెళ్లాయి. వాటిలో 58 తిరిగొచ్చాయి. మిగిలినవి అందుకున్నవారిలో కొందరు స్పామ్ అని నొక్కి ఉంటారు. ఆ తరువాత నాలుగు రోజులు ఒక పెద్ద సేవలోని మా సభ్యులందరికీ గ్రూపు మెయిళ్లు స్పామ్‌లోనే పడ్డాయి.

గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తున్న నియమాల్లో స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని ఉంది. ముప్పై అయిదు మంది గ్రూపులో ఒక్కరు ఒక్కసారి ఆ బటను నొక్కితే, ఆ మెయిలు మటుకు అది దాదాపు 3 శాతం. చిన్న గ్రూపులకు ఈ లెక్క దయలేనిది. అందుకే ఫారమును మొత్తంగా తీసేశాను:

1. చేరదలచినవారు తమ చిరునామా నుంచే చేరిక చిరునామాకు మెయిలు పంపాలి.
2. తమ దగ్గర ఏ గడియారం ఉందో రెండు వాక్యాలు రాయాలి.
3. నేను చదివి అనుమతిస్తాను. ఆ తరువాతే ధ్రువీకరణ మెయిలు వెళుతుంది.
4. కొత్త సభ్యుల మొదటి మెయిలు నా కంటి కిందుగా వెళుతుంది, రెండోది నేరుగా వెళుతుంది.

చేరికలు నెమ్మదించాయి, ఆరు వారాల్లో ఆరుగురే వచ్చారు. అందులో ఐదుగురు మొదటి నెలలోనే ఏదో ఒకటి రాశారు. ఫారం ద్వారా వచ్చినవారిలో సగం మంది ఇప్పటికీ పలకలేదు.

మొత్తం: సభ్యులు 36, మెయిళ్లు 283, సమయం 74 గంటలు.

ఎనిమిదో దశ: నేను లేకుండా (30–36 వారాలు)

ఆర్కైవును ప్రతి నెలా ఎంబాక్స్ (మెయిళ్లన్నీ ఒకదాని కింద ఒకటిగా ఉండే) ఫైలుగా దింపి వేరే చోట దాస్తున్నాను. 33వ వారంలో ఆ ఫైలును ఖాళీ సర్వరులోకి ఎక్కించి లెక్కపెడితే, 312 మెయిళ్లకు బదులు 314 వచ్చాయి. ఎంబాక్స్‌లో ప్రతి కొత్త మెయిలూ ‘ఫ్రమ్’ అన్న ఇంగ్లిష్ మాటతో మొదలయ్యే వరుసతో మొదలవుతుంది. ఇద్దరు సభ్యులు ఇంగ్లిష్ ఉల్లేఖనం అతికించిన చోట ఒక వరుస అదే మాటతో మొదలైంది. దింపడానికి నేను రాసుకున్న స్క్రిప్టు అలాంటి వరుసల ముందు రక్షణ గుర్తు పెట్టడం లేదు. సరిచేసి మళ్లీ ఎక్కిస్తే 312 వచ్చాయి. ఎక్కించి చూడకపోతే ఈ లోపం అవసరమైన రోజున గాని బయటపడేది కాదు.

34వ వారంలో ఒక సభ్యురాలిని రెండో నిర్వాహకురాలిగా ఉండమని కోరి, పదిహేను రోజులు పూర్తిగా ఆమెకు వదిలాను. ముందు రాసిచ్చిన సూచనలు ఒకటిన్నర పేజీ. మూడో రోజుకే ఆమె నుంచి నాలుగు ప్రశ్నలు వచ్చాయి, నాలుగూ నేను రాయడం మరచినవే: డొమైను గడువు ఎప్పుడు, ఎవరి పేరు మీద ఉంది, డీకిమ్ సంతకం చేసే తాళం (రహస్య కీ) ఏ ఫైలులో ఉంది, ఎమర్జెన్సీ మీట ఎక్కడ. ఇప్పుడు ఆ పత్రం మూడు పేజీలు. డొమైను నమోదులో ఆమె చిరునామా కూడా చేర్చాం.

ఆమె పట్టుకున్న ఐదోది ఇది. కొత్తవారికి వెళ్లే స్వాగత మెయిలులో ‘రిప్లై నొక్కితే మీ జవాబు గ్రూపులో అందరికీ వెళుతుంది’ అన్న వాక్యం 17వ వారం నుంచి అలాగే ఉంది. పద్ధతి మార్చి పదిహేను వారాలు దాటినా నేను దానిని తిరిగి చదవలేదు. ఆ మధ్యలో చేరినవారు తమ జవాబులు అందరికీ అందుతున్నాయనే అనుకుంటున్నారు. వారికి విడిగా రాశాం. ముగ్గురు తమ పాత జవాబులను వెతికి గ్రూపుకు పంపారు. అందులో ఒకటి, స్ప్రింగు డబ్బాను విప్పేటప్పుడు చేయి కోసుకోకుండా ఉండటానికి ఎవరూ చెప్పని పద్ధతి.

మొత్తం (36వ వారం): సభ్యులు 41, మెయిళ్లు 338, సారాంశాలు 19, ఆగిన పంపిణీలు 0, సమయం 83 గంటలు. డీకిమ్ తాళాన్ని మార్చే పని 38వ వారంలో ఆమె చేస్తారు, నేను చూస్తాను.